తూర్పు కిటికీ దగ్గరి కుర్చీ

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా కుర్ర పాస్టరుగారు పెద్దవాళ్ళందరినీ వరసగా కూర్చోబెట్టి, "ఈ రోజుల్లో మన విగ్రహాలేమిటో ఒక్కొక్కరూ చెప్పండి" అన్నారు. ఒకరు సెల్‌ఫోనన్నారు, ఒకరు డబ్బన్నారు, ఒకావిడ తన కోడలు చూసే సీరియళ్ళన్నది. నా వంతు వచ్చినప్పుడు "కుర్చీ" అన్నాను. రాజకీయాల మాట అనుకుని అందరూ నవ్వారు. నేను సరిదిద్దలేదు. ఇంటి సంగతులు నలుగురిలో విప్పే అలవాటు మా వంశంలో లేదు. కాగితం మీద రాయడం వేరు.

మా ఊరు అద్దంకి వైపు నల్లరేగడిలో ఉంది. చర్చికి స్థలం ఇచ్చింది మా తాతగారు, గంట కొన్నదీ ఆయనే. నేను ఎదిగేనాటికి పొలం కరిగిపోయింది, మేడ కింది భాగంలో సగం మిరపకాయల బస్తాలకు అద్దెకు పోయింది. పోనిది తాతగారి టేకు కుర్చీ ఒక్కటే. ఎత్తైన వెన్ను, చేతుల చివర సింహం తలలు. తన ఫోటోకు దండ వేయవద్దని, మనం విగ్రహాలు మానుకున్నవాళ్ళమని ఆయన గట్టిగా చెప్పి పోయారు. ఆ మాట మేం తప్పలేదు. ఫోటోను పెట్టెలో దాచేసి, కుర్చీని తూర్పు కిటికీ దగ్గర నిలిపాం. దానికి ఆయన చేతికర్ర ఆనించి, శనివారం శనివారం కొబ్బరినూనె రాసేవాళ్ళం. దాని ముందునుంచి పోతుంటే గొంతు తగ్గేది, తల కాస్త వంగేది. రోజూ పొద్దున్నే నాయనమ్మ బైబిలు చదువుతుంటే మేం చాప మీద ఆ కుర్చీకి ఎదురుగానే కూర్చునేవాళ్ళం. ఒకసారి పక్కింటి స్నేహితుడితో "మీరు రాయికి మొక్కుతారు" అని పోట్లాడి వచ్చి, కుర్చీ పక్కనుంచి తల వంచుకునే లోపలికి పోయాను. నాకందులో తప్పేమీ తోచలేదు.

పంతొమ్మిదివందల అరవైల్లో నా చదువు పూర్తయ్యేసరికి నాన్న లేరు, నాయనమ్మ కళ్ళకు శుక్లాలు కమ్మాయి. నేను చదివితే, "రైలు తప్పిపోతున్నట్టు చదువుతావేందిరా" అనేది. చివరికి మా పాత పాలేరు కోడలికి కబురు పెట్టింది. ఆమె మిషన్ స్కూల్లో చదువుకున్న మనిషి. కళ్ళంలో మిరపకాయల తొడిమలు తీయడానికి పోయే ముందు వచ్చి, కిటికీ దగ్గర నిలబడి, పొద్దుటి వెలుతురులో నిదానంగా చదివేది. మిరపకాయల కోరు, ఆ ఘాటు ధూళి, లోపలికి రాకుండా మిగతా కిటికీలన్నీ మూసి ఉండేవి.

ఒకరోజు జనం బంగారు దూడను చేసుకుని మొక్కిన అధ్యాయం వచ్చింది. ఆమెకు అప్పుడు ఎనిమిదో నెల. సగంలో ఒక చేత్తో కిటికీ ఊచ పట్టుకుంది. అడుగు మార్చిన చప్పుడు నాయనమ్మ విన్నది.

"ఆ కుర్చీలో కూర్చోవే."

"వద్దులెండి అమ్మగారూ. రోజంతా గొంతుక్కూర్చునే పనేగా, నిలబడితేనే హాయి."

"అది తాతగారి కుర్చీ," అన్నాను నేను.

"తెలుసు," అంది నాయనమ్మ. "నూనె రాసిన చేతులు నావే. ఇంతసేపూ ఆమె చదివింది దేని గురించిరా?"

"ఆమె దాంట్లో కూర్చుంటే నేను ప్రార్థనకు కూర్చోను."

నాయనమ్మ బైబిలు తీసుకుని మూసేసింది. "అయితే నువ్వొచ్చిందాకా చదువు లేదు."

మూడు రోజులు మా ఇంట్లో వాక్యం లేదు. తాతగారు పోయిన రోజు కూడా ఆగని చదువు అది. నాయనమ్మ పొద్దున్నే చాప మీద కూర్చుని, మూసిన బైబిలు ఒళ్ళో పెట్టుకుని, ఆపిన పేజీలో వేలు ఉంచుకుని ఎదురుచూసేది. నేను మేడ మీద దుప్పటి కప్పుకుని పడుకునేవాణ్ణి. పాలేరు కోడలు మాత్రం రోజూ వచ్చింది.

"ఇవాళ ఉందా అమ్మగారూ?"

"నా మనవణ్ణి అడుగు."

ఆమె అడగలేదు. ఎండ అరుగు ఎక్కేదాకా ఉండి, కళ్ళానికి పోయేది. వారసుణ్ణని పేరు నాది, వాక్యం లేని ఇంటికి కూడా వేళ తప్పకుండా వస్తున్నది ఆమె. ఆ సంగతి మెట్లమీదికి వినబడుతూనే ఉంది.

నాలుగో రోజు కిందికి దిగాను. చేతికర్ర తీసి మూలన పెట్టాను. కుర్చీని ముందుకు లాగి, "కూర్చోండి" అన్నాను. నా గొంతులో మర్యాద కన్నా బిగువే ఎక్కువగా ఉండి ఉంటుంది. ఆమె ఓ మూలగా, అంచు మీద కూర్చుంది. ఆపిన చోటునుంచి చదివింది. ప్రార్థనలో నాకు తుమ్ములు మొదలయ్యాయి. ఆమె చీర కొంగులోని మిరప కోరు తాతగారి కుర్చీకి పట్టుకుంది.

"ఘాటు తగిలిందా?" అంది నాయనమ్మ, కళ్ళు తెరవకుండానే.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరు చదివితే వాళ్ళది ఆ కుర్చీ. నూనె రాయడం ఎప్పుడో మానేశాం, ఒక సింహం ముక్కు విరిగింది. పొలాన్నీ మేడనీ కాలం తనంతట తానే తీసుకుపోయింది. చేతికర్రను మాత్రం, మూడు రోజులు ఓపిగ్గా ఆగి, నా చేతనే తీయించింది.