పరోటా పిండితో కొలిచిన చక్రం

కుప్పంలో మా అన్న కొన్న కరెంటు కారు చక్రాలంటే నాకు మొదటి రోజు నుంచే కంపరం. పంతొమ్మిది అంగుళాల చక్రం, దాని చుట్టూ బెత్తెడు కూడా లేని రబ్బరు. బయట నిలబడి చూసేవాడికి మెరుపు, లోపల కూర్చున్నవాడికి దెబ్బ. షోరూంలో చిన్న చక్రాల బండి ఉన్నా, అన్న కోరి పెద్దవాటినే తెచ్చుకున్నాడు. పెళ్లికి వెళితే జనం బండి పక్కన నిలబడి ఫోటోలు తీసుకోవాలి, అంతే. పెళ్లిళ్లకు ఆయన ఎప్పుడో ఒకసారి వెళతాడు. మిగతా రోజులన్నీ దాన్ని నడిపేవాణ్ణి నేను. వెనక సీట్లు మడిచేసి, ప్లాస్టిక్ ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని, కుప్పం నుంచి పుంగనూరు మీదుగా రామసముద్రం దాకా పురుగులను మోసేవాణ్ణి.

మాది చాకీ కేంద్రం. పట్టుపురుగు గుడ్లను పొదిగించి, పిల్ల పురుగులను లేత మల్బరీ ఆకుతో సాకి, రెండో జ్వరంలో ఉండగా రైతుకు అప్పగిస్తాం. జ్వరమంటే జబ్బు కాదు, పురుగు చర్మం విడిచే వేళ. అప్పుడది ఆకు ముట్టదు. కాళ్ల కింద సన్నటి దారం అల్లి తనను తాను ఆకుకు కట్టేసుకుంటుంది. తల పైకెత్తి, ప్రాణం లేనిదానిలా కదలకుండా ఉంటుంది. ఆ దారం తెగితే చర్మం సరిగా ఊడదు. ఈ సంగతి నాకు మా కేంద్రంలో ఎవరూ చెప్పలేదు. పుంగనూరు గ్రంథాలయంలో, టీ మరకలు పడ్డ ఒక వ్యవసాయ పుస్తకంలో చదివాను. పదో తరగతి తప్పినవాణ్ణి నేను. ఆ తరువాత నాకు తెలిసినదంతా ఆ గ్రంథాలయం కొయ్య కుర్చీలో తెలిసిందే. దానికి నేను ఎవరి ముందూ సిగ్గుపడను.

పురుగుకు పొగా వేడీ పడవు కాబట్టి డీజిలు బండి కంటే కరెంటు బండి మేలని అన్నకు చెప్పింది కూడా నేనే. చక్రాల గురించి మాత్రం ఆయన నన్ను అడగలేదు.

రామసముద్రం దాటాక ఒక పల్లెలో ఎకరా మల్బరీతో ఇల్లు నెట్టుకొచ్చే ఒకామె ఉండేది. భర్త పోయాడు. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేవాణ్ణి. వరసగా రెండు పంటలు ఆమె ఇంట్లో పురుగు జ్వరం నుంచి ఎగుడుదిగుడుగా లేచింది. రెండోసారి ఖాళీ ట్రేలు తెచ్చుకోవడానికి వెళ్లిన నన్ను వాకిట్లోనే ఆపేసింది.

"ఏమప్పా, ఇవి పురుగులా, బొరుగులా? సగం లేసి ఆకు తింటాండాయి. సగం ఆడనే పండుకోనుండాయి. ఎవురికని కొయ్యాల ఆకు నేను?"

"గుడ్లు మంచివే అక్కా. అవే గుడ్లు శాంతిపురంలో ఇచ్చినాం. ఆడ బాగా లేసినాయి."

"ఆడ తారు రోడ్డు ఉండాది. నా సేనికి రాళ్ల దోవ. నువ్వు ఆ మలుపు తిరిగినప్పుడే నీ ట్రేల దడదడ నాకు పొయ్యికాడికి ఇనపడతాది. కరెంటు బండి సప్పుడు సెయ్యదంటివే, ఆ సప్పుడేంది మల్ల?"

నేను గుడ్ల గురించీ గాలిలో తేమ గురించీ చదివినదంతా చెప్పబోయాను. ఆమె లోపలికి వెళ్లి, చచ్చిన పురుగుల ట్రే ఒకటి తెచ్చి, మెరిసే ముందు చక్రం మీద గుమ్మరించింది.

"మల్లా ఇట్లే తెస్తివా, ట్రే దించనీను. నేను దించుకోకుంటే ఈ ఊర్లో ఎవురూ దించుకోరు. సూసుకో."

అది ఉత్త బెదిరింపు కాదు. ఆ ఊళ్లో పదకొండు ఇళ్లవాళ్లు ఒకే రోజు పురుగు దించుకుంటారు, ఆమె ట్రే చూశాకే మిగతావాళ్లు చెయ్యి చాపుతారు. తప్పు చక్రాలదని నాకు తెలుసు. ఆ తెలిసినది ఆమె నోట ముందు వచ్చిందని ఒళ్లు మండింది. దారంతా ఆమెను తిట్టుకుంటూ కుప్పం చేరాను.

అన్నతో చెప్పాను: చిన్న చక్రాలు వేసి, వాటికి ఎత్తు టైర్లు తొడగాలి. గతుకును రబ్బరు మింగాలి, ట్రేలు కాదు.

"నీకేమన్నా తిక్కనా? ఆ చెక్రాలు పీకేస్తే బండి ఆటో మాదిరి ఉంటాది. గాలి తగ్గించుకో పో."

గాలి తగ్గించాను. అంత బరువు బండికి, అంత పొట్టి టైరుకు గాలి తగ్గిస్తే ఏమవుతుందో తెలిసే తగ్గించాను. నాలుగో రోజు పుంగనూరు దాటాక ఒక గుంతలో పడి చక్రం అంచు అప్పడంలా వంగింది. అన్న దాన్ని చేత్తో తడిమి చూశాడు.

"సరే, మార్సుకో," అన్నాడు చివరికి. "వచ్చే ట్రిప్పు సూస్తా. ఆమె దించుకోలేదని తెలిసిందంటే బండి తాళం ఈడ పెట్టి, పుంగనూరుకు పోయి పుస్తకాలు సదువుకో."

తమ్ముడితో అనే మాట కాదు. అయినా అన్నాడు. ఆ ఊరు పోతే ఆ దారి పోయినట్టే, నా పని పోయినట్టే.

పుంగనూరు గ్రంథాలయంలో మోటారు బండ్ల పుస్తకం ఒకటే ఉండేది, అట్ట లేనిది. రెండు రోజులు దాని ముందు కూర్చుని లెక్క కట్టాను. టైరు మీది మొదటి అంకె దాని వెడల్పు. రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు నూటికి ఎంతో చెబుతుంది. చక్రం రెండంగుళాలు తగ్గితే, పైన ఒక అంగుళం, కింద ఒక అంగుళం రబ్బరు పెరగాలి. అప్పుడు మొత్తం ఎత్తు మారదు, స్పీడు చూపించే మీటరు అబద్ధం చెప్పదు. పదిహేడు అంగుళాల చక్రం, అరవై అంకె టైరు. లెక్క వెంట్రుకవాసి తేడాతో సరిపోయింది. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని మదనపల్లె వెళ్లాను.

ఆ కొలత చక్రాలు ఉన్న టైర్ల అంగడి మదనపల్లెలో నాకు తెలిసి ఒకటే. అంగడాయన అరవై దాటిన సాయిబు. గాలి ఎంత పట్టాలన్న దగ్గర నేను ఆయనతో ఇదివరకే రెండుసార్లు పోట్లాడి ఉన్నాను. నన్ను చూడగానే నవ్వాడు. మంచి నవ్వు కాదు.

"ఆయియే లైబ్రరీ సార్. ఈ దినం ఏం పాఠం?"

కాగితం ఇచ్చాను. చదవకుండానే పానాల పెట్టె మీద పెట్టేసి, దాని మీద టీ గ్లాసు పెట్టాడు. లోపలి నుంచి టైరు ఒకటి దొర్లించుకొచ్చాడు. వంగి దాని పక్కన అచ్చు చదివాను. కొలత సరిపోయింది. దాని వెనకుండే బరువు అంకె మాత్రం తక్కువగా ఉంది.

"ఇది మామూలు కార్లకు. ఈ బండి కడుపులో బ్యాటరీ ఉండాది. ఈ టైరు ఆ బరువు మొయ్యదు."

"ఆ నెంబరు ఎవురూ సూడరు భాయ్."

"నేను సూస్తా."

"నలభై ఏండ్లుగా ఏస్తాండా టైర్లు. ఏ పుస్తకం చెప్పె నీకు?"

"నలభై ఏండ్ల కింద ఈ బండి ఉండిందా?"

ఆయన టైరును వదిలేశాడు. అది దొర్లుకుంటూ పోయి గోడకు కొట్టుకుని పడింది. బరువు అంకె ఎక్కువున్న టైర్లను ఒక్కొక్కటే తెచ్చి నా కాళ్ల దగ్గర పడేశాడు. గెలిచానని అనుకున్నాను. గెలుపు చక్రం ఎక్కించేదాకానే.

బండిని జాకీ మీద ఎత్తి, పాత చక్రం తీసి, పదిహేడు అంగుళాల కొత్త చక్రాన్ని టైరు తొడగకుండా ఉత్తదే పెట్టి చూశాడు. ఠంగుమంది. లోపలికి పోలేదు. చక్రంతో పాటు తిరిగే బ్రేకు డిస్కును రెండు వైపుల నుంచీ పట్టుకుని ఆపే ఇనుప దవడ ఉంటుంది, క్యాలిపర్ అంటారు. చక్రం కమ్మీలు దాన్ని తన్నుతున్నాయి.

నా లెక్కంతా చక్రం బయటి వైపుదే. ఆ పుస్తకం రాసిన రోజుల్లో చక్రం లోపల ఇంత దవడ లేదు, డబ్బా లాంటి చిన్న బ్రేకు ఉండేది. అందుకే పుస్తకంలో లేదు, నా కాగితంలో లేదు. నేను వంగి చూసి ఉంటే కంటికి కనిపించేది. చూడలేదు.

"లెక్క పాస్," అన్నాడాయన. "సార్ ఫెయిల్. చెక్రం లోపల ఏముండాదో పుస్తకంలో రాయలేదా?"

పక్కన టైరు మీద కూర్చున్న లారీ డ్రైవరు పకపకా నవ్వాడు. నా చెవులు మండిపోయాయి. తాళం తీసుకుని వెళ్లిపోదామనుకున్నాను. మూడు చక్రాల మీద ఎక్కడికి పోతాను?

సాయిబు పక్క హోటలుకు నడిచి వెళ్లి, పిడికెడు పరోటా పిండి తెచ్చాడు. దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, ఆ ఇనుప దవడ మీద బాగా ఎత్తుగా ఉన్నచోట అంటించాడు. అటక మీద నుంచి ఇంకో చక్రం దించాడు. అదీ పదిహేడే. కమ్మీలు మాత్రం బయటికి ఉబ్బి ఉన్నాయి. ఎక్కించి, నాలుగు బోల్టులు బిగించి, చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పి, విప్పేశాడు. నొక్కుకుపోయిన పిండిని గోటితో తీసి నా అరచేతిలో పెట్టాడు.

"కొలువు."

జేబులోని రూపాయి బిళ్లలు పక్కన పేర్చి చూశాను. మూడు బిళ్లల మందం.

"అంత సందు ఉంటే సాలు. వేడికి దవడ ఉబ్బినా తగల్దు. దీనికి కాగితం వద్దు." టీ గ్లాసు కింది నుంచి నా కాగితం లాగి, దానితోనే చేతులు తుడుచుకున్నాడు.

నాలుగు చక్రాలకూ టైర్లు తొడిగించి, స్టీరింగు రెండు పక్కలా చివరిదాకా తిప్పి, ఎక్కడా రాసుకోలేదని చూసుకున్నాను. ఆయనకు కృతజ్ఞత చెప్పలేదు. టైరు బరువు విషయంలో నాది ఒప్పని ఆయనా అనలేదు. ఇప్పటికీ మా మధ్య మాటల్లేవు. గాలికి వేరే అంగడికి వెళతాను.

తరువాతి ట్రిప్పులో పొద్దు పొడవక ముందే కుప్పంలో ట్రేలు ఎక్కించాను. తారు రోడ్డు మీద తేడా పెద్దగా తెలియలేదు. రామసముద్రం దాటి రాళ్ల దోవలోకి దిగాక చెవులు రిక్కించాను. దడదడ లేదు. బండి పెద్ద గేదెలా ఒళ్లు కదిలిస్తూ నడిచింది. అయినా ప్రతి గుంతకూ ఏదో ఒక పురుగు దారం తెగిందనే అనుకున్నాను.

ఆమె వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. వెనక మిగతా ఇళ్లవాళ్లు. ముందు ఆమె కళ్లు చక్రాల మీద పడ్డాయి.

"ఏమప్పా, మంచి చెక్రాలు అమ్ముకుంటివా?"

ఆమె తానే వెనక తలుపు ఎత్తి, అన్నిటికంటే కింది ట్రే లాగమంది. లాగాను. మీద కప్పిన కాగితం తీసి, ముఖం దగ్గరికి పెట్టుకుని చూసింది. నేనూ వంగి చూశాను. తలలన్నీ పైకి ఎత్తి, ఎక్కడివి అక్కడ, వరిమడిలో నారులా నిలబడి ఉన్నాయి. ఆమె కోడి ఈకతో ఒక మూల మెల్లగా తాకింది. ఏ పురుగూ పక్కకు ఒరగలేదు.

ట్రే మీద కాగితం మళ్లీ కప్పింది. వెనక నిలబడ్డవాళ్ల వైపు తిరిగి, "యాల నిలబడి సూస్తాండారు? దించుకోండి," అంది.