సుబ్బరత్నమ్మ ముఖంలో కోపం

రెడ్డిగూడెంలో సుబ్బరత్నమ్మ నవ్వితే పక్క తోటకు వినపడేది. ఎండాకాలమంతా మామిడితోటలోని పాకలో కూర్చుని, కూలీలతో పరాచికాలాడుతూ చిన్నరసాలు గడ్డిలో మగ్గవేసేది. 1987లో ఆ నవ్వు ఆగిపోయింది. ముఖం బిగుసుకుపోయింది. కుడిచెయ్యి వణికేది. నడక నెమ్మదించింది.

కొత్తగా కాపురానికొచ్చిన కోడలు నాగమణి ఆ ముఖం చూసి హడలిపోయింది.

"ఏం వండినా అత్తయ్యగారు కోపంగానే ఉంటున్నారండీ" అని భర్త దగ్గర ఏడ్చింది. అతను ఇద్దరినీ వెంటబెట్టుకుని బెజవాడ వెళ్ళాడు.

"ఇది కోపం కాదమ్మా, పార్కిన్సన్స్ జబ్బు" అన్నాడు నరాల డాక్టరు. మెదడులో కదలికలను నడిపించే కణాలు మెల్లగా చచ్చిపోతాయట. కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతినడం వల్లో, పాడైన ప్రోటీన్లు లోపలే పేరుకుపోవడం వల్లో అని వెతుకుతున్నారు గానీ, కారణం ఇంకా తేలలేదట. మాత్రలు రాసిచ్చాడు.

బయటికి రాగానే నాగమణి అత్తగారిని అడిగింది. "అయితే నామీద కోపం లేదాండీ?"

"నీమీదెందుకే పిచ్చిపిల్లా! నవ్వుదామనే అనుకుంటాను, రావట్లేదు."

మాత్రలతో ఒళ్ళు కాస్త వదులైంది. కానీ కొన్ని పూటలు మందు వేసినా వెయ్యనట్టే ఉండేది. మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టరు తిండి గురించి ఆరా తీశాడు. బలం కోసమని మాత్రతోపాటు ముద్దపప్పు, గుడ్డు, పాలు ఇస్తున్నానని చెప్పింది నాగమణి.

"ఈ మందూ, ఆ తిండిలోని ప్రోటీనూ ఒకే దారిన లోపలికి పోవాలమ్మా. ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. మాత్ర భోజనానికి ముందే వెయ్యి. పప్పూ గుడ్డూ మాన్పించొద్దు, రాత్రికి పెట్టు."

"అయ్యో, నేనే చెడగొట్టానా?"

"నువ్వు ప్రేమగానే పెట్టావు. వేళ మార్చు, చాలు."

జబ్బు పోలేదు. రాత్రిళ్ళు పక్కమీద ఒత్తిగిలాలంటే కోడలి సాయం కావాల్సిందే. కానీ పగటిపూట మాత్రలు బాగా పనిచేశాయి. మరుసటి ఎండాకాలం సుబ్బరత్నమ్మ మళ్ళీ పాకలో కూర్చుంది. నాగమణి ఓ పండు పిసికి నోట పెట్టుకుంటే రసం మోచేతిదాకా కారి, చీరమీద పడింది.

"కొత్తచీర కట్టుకుని రసాలు తింటారటే!" అంటూ సుబ్బరత్నమ్మ నవ్వేసింది. మునుపటంత గట్టిగా కాదు గానీ, కాయలు ఏరుతున్న ఆడవాళ్ళందరూ తలెత్తి చూశారు.

సాయంత్రం అత్తాకోడళ్ళు గట్టువెంట ఇంటికి నడిచారు. పెద్దావిడ చిన్నచిన్న అడుగులేస్తూ మరుసటి రోజు వంట గురించి చెబుతోంది. నాగమణి తొందరపెట్టకుండా, ఊఁ కొడుతూ పక్కనే నడిచింది.