అందరికీ వినిపించాకే

సూర్యాపేటలోని మా కాలేజీ ల్యాబులో నిన్న ఒక పాత సీపీయూ మూత తీశాను. లోపలి దుమ్ములోంచి తౌడు వాసన గుప్పుమంది. అది మిర్యాలగూడ మెషిన్ అని అడగకుండానే తెలిసిపోయింది. అక్కడి రైస్‌మిల్లుల తౌడు కంప్యూటర్లను కూడా వదలదు. ఆ వాసనకు రామలింగం సార్ గుర్తొచ్చి, స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి ఊరికే కూర్చుండిపోయాను. నాకు కంప్యూటర్ నేర్పింది ఆయనే. ఆయన చేసింది న్యాయమో, వట్టి మొండితనమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నేరేడుచర్ల నుంచి షేర్ ఆటోలో మిర్యాలగూడలోని ఆయన కంప్యూటర్ సెంటర్‌కు వెళ్లేదాన్ని. ఆయన మెషిన్లలో కంపెనీలు అమ్మే సాఫ్ట్‌వేర్ ఒక్కటీ ఉండేది కాదు. ఎవరైనా తీసుకుని, విప్పి చూసుకుని, పదిమందికీ పంచుకోగల ఓపెన్ సోర్స్ మాత్రమే. "ఆఫీసుల్ల గిది వాడరు సార్, మాకు ఉద్యోగాలెట్ల వస్తయి?" అని తగువు పెట్టుకునేదాన్ని. "లోపల ఏమున్నదో సూడనియ్యని దాన్ని నేనెట్ల నేర్పాలె బిడ్డా?" అనేవారు. అయినా నాకు కోపం పోయేది కాదు.

ఆయన భార్య విజయమ్మగారు సర్కారు దవాఖానలో నర్సు. టీకాల గురించి ఒకసారి ప్రభుత్వ రేడియోలో మాట్లాడారు. మరుసటి ఏడే జబ్బు చేసి పోయారు. ఆమె గొంతు ఇంకెక్కడా రికార్డయి లేదు. కొన్నాళ్లకు రేడియోవాళ్లు పాత కార్యక్రమాలను వెబ్‌సైట్‌లో పెట్టారని తెలిసి, సంబరంగా సార్ మెషిన్‌లో నొక్కాను. ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉంటేనే వినిపిస్తుందని తెర మీద పడింది. అది సార్ మెషిన్లలో ఎక్కనే ఎక్కదు.

"పక్క నెట్ సెంటర్ల విందాం సార్, లేవుండ్రి" అన్నాను.

సార్ లేవలేదు. "సర్కారు రేడియో అందరి పైసలతోని నడుస్తది. ఒక్క కంపెనీది కొన్నోళ్లకే వినిపిస్తమంటే ఎట్ల?" అంటూ రేడియోవాళ్లకు ఫిర్యాదు రాయడం మొదలుపెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. భార్య గొంతు పక్క షాపులో ఉంటే ఫిర్యాదు రాసే మనిషిని ఏమనాలి?

కోదాడలో ఉండే సార్ మరదలు మాత్రం నెట్ సెంటర్‌కు వెళ్లి వినేసి, ఫోన్ చేసింది. "అక్క ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టే ఉంది బావగారూ. ఒక్కసారి వచ్చి వినండి."

"నాకూ వినాలనే ఉన్నదమ్మా. గీడ వినిపించిననాడు వింట" అన్నారు. ఫోన్ పెట్టేశాక ఆయన కళ్లు తుడుచుకోవడం చూసి నాకు ఇంకా అయోమయం పెరిగింది.

చివరికి రేడియో నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. "మీరు మనోళ్లే సార్. వస్తే పెన్‌డ్రైవ్‌ల వేసిస్తం, ఇగ ఫిర్యాదు వద్దు." మా వైపు పనులు అయ్యేదే అలా. లోపల ఒక మనిషి తెలిస్తే చాలు, రూలు పక్కకు జరుగుతుంది. నేనైతే పరుగెత్తేదాన్ని. సార్ మాత్రం, "మనోళ్లు కానోళ్లు ఎట్ల వినాలె?" అని అడిగి, మళ్లీ ఫిర్యాదు రాశారు.

చాలా కాలానికి ఆ వెబ్‌సైట్ మారింది. ఏ మెషిన్‌లోనైనా వినొచ్చన్నారు. అది సార్ రాతల వల్లనో, మరెందుకో ఎవరూ చెప్పలేదు. సార్ కబురు పంపితే వెళ్లాను. "నువ్వే నొక్కు బిడ్డా" అన్నారు.

విజయమ్మగారు నవ్వుతూ చెబుతున్నారు. "పిల్లలే నయమమ్మా. పెద్దోళ్లకు క్యాంపు పెడితే మా ఇంటాయన, లైన్ల ఉన్నోళ్లందరికి ఏసినంకనే నాకు వెయ్యి అంటడు. ఇంట్ల నర్సు ఉండి ఏం ఫాయిదా?"

సార్ పకపకా నవ్వారు. అలా నవ్వుతూనే ఏడ్చారు.

ఇప్పుడు మా ల్యాబులో ఏ కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టమన్నా, ఇది నడవని మెషిన్ ఎవరిదని ముందు అడుగుతాను. స్టాఫ్ విసుక్కుంటారు. అది నాకు సార్ నుంచి వచ్చిన జబ్బే. అయినా ఆయన స్థానంలో నేనుంటే మొదటి రోజే నెట్ సెంటర్‌కు పరుగెత్తేదాన్ని. అంత ప్రేమ పెట్టుకుని ఆ మనిషి అన్నాళ్లు ఎలా ఆగగలిగాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.