ఖాళీ ప్లేటులో మొలిచింది

ఇందులో ప్రతి అక్షరం నిజం. నా చేతులు కాల్చిన ఆటోక్లేవ్ మీద ఒట్టేసి చెబుతున్నాను. నా ఒట్లంటే నాతో పనిచేసేవాళ్లు నవ్వుతారని తెలుసు. ఈ ఒక్కసారికి నవ్వకండి.

దెయ్యాలు, గాలి సోకడాలు, చేతబడులు నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మితే నా పని సాగదు. సూరత్‌లో ఒక చిన్న ల్యాబ్‌లో మీడియా చేస్తాను. మీడియా అంటే పేపరూ టీవీ కాదు. ఫంగస్‌కూ బ్యాక్టీరియాకూ పెట్టే తిండి. పొడిని నీళ్లలో కలిపి, అడుగంటకుండా మరిగించి, ఆటోక్లేవ్ అనే పెద్ద ప్రెషర్ కుక్కర్‌లో ఆవిరికి పెట్టి, ఫ్లాస్కు చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక, మంట పక్కన కూర్చుని ప్లేట్లలో పోస్తాను. జున్నులా గడ్డకడుతుంది. దాని మీద రోగి ఒంట్లోంచి తీసిన ముక్క పెడితే, లోపల ఏముందో అది మొలుస్తుంది.

ఒక ప్లేటులో మాత్రం ఏమీ పెట్టం. అది ఖాళీగానే ఉండాలి. అందులో ఏదైనా మొలిచిందంటే నా వంట పాడైందని లెక్క.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలం అది. నల్ల ఫంగస్ పేరు వింటేనే జనం ముఖాలు తడుముకుంటున్నారు. సూరత్ పక్కన కడోదరాలో మగ్గాల మీద పనిచేసే మా బావ మల్లేశానికి కరోనా తగ్గిందని ఊపిరి పీల్చుకునేలోపే ఎడమ కన్ను ఉబ్బి మూసుకుపోయింది. అసలే షుగర్ ఉన్న మనిషి. ఫంగస్ అని తేలితే కన్ను తీసేయాల్సి రావచ్చని, ఆ తర్వాత కూడా ప్రాణానికి హామీ ఇవ్వలేమని ఆసుపత్రిలో చెప్పారు. ముక్కులోంచి తీసిన ముక్క పరీక్షకు మా ల్యాబ్‌కే వచ్చింది.

వార్డు నుంచి బావ ఫోన్ చేశాడు. "ఏంది బామ్మర్దీ, నా కన్ను నీ చేతుల వడ్డదా? ఇగ అయిపాయె! నువ్వు జెప్తే ఎవడు నమ్ముతడు?" అని నవ్వాడు.

పొడి తూచి, నమ్మకం కుదరక మళ్లీ తూచాను. ప్లేట్లలో పోసి, గడ్డకట్టాక ఒకదాంట్లో బావ ముక్క పెట్టి, ఒకటి ఖాళీగా వదిలాను.

మధ్యాహ్నం అక్క అన్నం డబ్బా పట్టుకుని వచ్చి, ల్యాబ్ అద్దం తలుపు అవతల నిలబడింది. బావ ప్లేటునూ, ఖాళీ ప్లేటునూ ఎత్తి చూపించాను.

"గా రెండోది ఎవలిది తమ్మీ?"

"ఎవలిది గాదక్కా. ఊకె ఉంటది."

"ఊకె ఎందుకుంటది? మీ బావ పానం మీదికొచ్చిందంత గా దాంట్లకు దిగాలె."

దిష్టి తీసినట్టు అద్దం మీద చేయి మూడుసార్లు తిప్పింది. నేను నవ్వుకుని, రెండు ప్లేట్ల మూతలకూ టేపు వేసి, వెచ్చటి ఇంక్యుబేటర్‌లో పెట్టాను.

మర్నాడు ఏమీ లేదు. ఆ మర్నాడు పొద్దున ఇంక్యుబేటర్ తలుపు తీశాను. బావ ప్లేటు పోసినప్పుడు ఎలా ఉందో అలాగే నున్నగా ఉంది. ఖాళీ ప్లేటు నిండా బూడిదరంగు దూది, మూతను ఎత్తేస్తుందేమో అన్నంతగా.

మా ల్యాబ్ మేడమ్ మైక్రోస్కోప్‌లో చూసి తల ఎత్తింది. "ఖాలీ మే కైసే ఆయా, భాయ్?" ఖాళీదాంట్లోకి ఎలా వచ్చిందని. అది ఏదో దారినపోయే బూజు కాదు. ఊరంతా దేనికి భయపడుతోందో అదే.

అదే ఫ్లాస్కులోంచి పోసిన మిగతా ప్లేట్లన్నీ శుభ్రంగా ఉన్నాయి. అయినా ఖాళీ ప్లేటు చెడితే పరీక్ష చెల్లదు. మళ్లీ కొత్త పొడి, కొత్త ముక్క, మళ్లీ ఎదురుచూపు. ఈసారి బావదీ, ఖాళీదీ రెండూ తేటగా ఉన్నాయి. బ్యాక్టీరియా కోసం వేసిన వేరే ప్లేటులో మాత్రం మామూలు క్రిమి తేలింది. మందులకు లొంగింది.

కన్ను తెరుచుకున్నాక బావ మొదట చూసింది నన్నే. "గీ మొకం జూసుడు కోసమా నా కన్ను మిగిలింది!" అన్నాడు.

ఇక ఒట్టు సంగతి. ఒక్కటి కల్పించాను. అక్క ల్యాబ్‌కు రాలేదు. ఎలా వస్తుంది? కరోనాతో తనూ కడోదరాలో గదిలోనే పడి ఉంది. అద్దం తలుపు అవతల ఎవరూ లేరు. ఖాళీ ప్లేటును బావ ప్లేటు మీదుగా మూడుసార్లు తిప్పి, "దీంట్లకు దిగు" అన్నది నేనే. ఏదీ నమ్మని మనిషిని.

కానీ మూత తీయలేదు. తీశానేమోనని ఎన్నోసార్లు గుర్తు చేసుకున్నాను. టేపు వేసింది వేసినట్టే ఉంది. లోపలికి అది ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.