ఊడని ముడి వేసిన విలన్

ఆ రోజుల్లో (ఎంతో వెనక్కి పోనక్కర్లేదు, చేతిలో ఫోనున్న ప్రతివాడూ డైరెక్టరైన రోజులే) నేను కౌబాయ్ సినిమాల్లో విలన్‌ని. పెద్ద విలన్‌ని కాదు. ఆయన పక్కన నిలబడి ఆయనకంటే ముందు చచ్చేవాణ్ణి. పెనుకొండ బండల మధ్య, అమెరికా అని పేరు పెట్టుకున్న మన ఎండలోనే, నాలుగు సినిమాల్లో నాలుగుసార్లు గుర్రం మీంచి పడి చచ్చాను. (పెళ్లి ఊరేగింపుల గుర్రం అది, తుపాకీ పేలినా కదలదు, బ్యాండుమేళం వినిపిస్తే మాత్రం అడుగులేస్తుంది.) నాలుగింటిలోనూ ముఖానికి టోపీయే అడ్డం. ధర్మవరంలో మగ్గం వదిలి ఈ వైభవానికి వచ్చిన నన్ను మా నాయన ప్రతిసారీ ఒకటే అడిగేవాడు: "యాడుండావురా నువ్వు? గుర్రమైతే బాగా కనపడ్నాది."

ఐదో సినిమాకు డైరెక్టరు (మాకు ఆయన 'కట్ సార్') మాటిచ్చాడు: హీరోను గుంజకు కట్టేసి నేను నవ్వాలి, ఆ నవ్వు తెర నిండా చూపిస్తాడు. హీరో అంటే నిర్మాత కొడుకు, హిందూపురం సిమెంటు కొట్టు వారసుడు. నటనలో తడిసిన బస్తా. "ఈసారి నా మొగం చూస్తావు నాయనా" అని ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

కట్టాను, నవ్వాను. ఇక హీరో ఒక్క ఊపున తెంచుకుని నన్ను తన్నాలి. గుంజాడు, ఊడలేదు. మళ్లీ గుంజాడు, ఇంకా బిగిసింది. పట్టుపోగు తెగినప్పుడు మా చేతులు వాటంతటవే వేసే ముడి అది. ఊడిపోయే ముడి వేయడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు.

"ఏమప్పా, ఇట్లా కట్టినావు? చేతులు తిమ్మిరెక్కతాండాయి!" హీరోకు ఏడుపొక్కటే తక్కువ.

"లాగొద్దన్నా, లాగేకొద్దీ బిగుస్తాది!" అన్నాను.

"హీరో లాగక ఇంగేం జేస్తాడప్పా!" కట్ సార్ నెత్తి కొట్టుకున్నాడు.

ఎళనీర్ల (కొబ్బరిబోండాల) బండి నుంచి కత్తి తెచ్చి తాడు కోశారు. హీరో మణికట్లు రుద్దుకుంటూ తీర్పు చెప్పాడు: "వీని మొగం సినిమాలో ఉంటే నేనుండను." కట్ సార్ వెంటనే నా ముఖాన్ని కట్ చేశాడు.

హిందూపురంలో సినిమా పడిన రోజు నాయన బస్సెక్కి వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. తెర మీద రెండు చేతులు వచ్చి, తాడు బిగించి, వెళ్లిపోయాయి. నేనంటే అంతే. తర్వాత హీరో (ఇంకెవరితోనో వదులుగా కట్టించుకున్న తాడును) ఒక్క ఊపున తెంచాడు. జనం ఈలలు. నేను తల దించుకున్నాను. నాయన మాత్రం లేచి నిలబడి హాలంతా వినబడేట్టు అరిచాడు: "అబద్ధమప్పా! ఆ చేతులు మావానివి, ఆ ముడి మా ఇంటిది. వాడు గాదు, వాని గుర్రం లాగినా ఊడదు!"

ఇప్పుడు మళ్లీ మగ్గం ముందే ఉన్నాను. పోగు తెగినప్పుడల్లా ముడి వేసి, ఆ విలన్ నవ్వు ఒకసారి నవ్వుకుంటాను. ఇక్కడ టోపీ లేదు. ముఖం బాగానే కనబడుతుంది.