మావయ్య దిద్దిన కళ్ళు

మా మావయ్యను అందరూ టచింగ్ మాస్టారు అంటారు. ఫోటోల్లో మొహం మీది మచ్చలూ మొటిమలూ ముడతలూ తీసెయ్యడం ఆయన పని. ఇదివరకు పెన్సిలుతో, సన్నటి బ్రష్షుతో చేసేవాడు, ఇప్పుడు కంప్యూటరు మీద చేస్తున్నాడు. ఎవరి ఫోటో వచ్చినా ముందు కళ్ళ దగ్గరికే వెళతాడు. నల్లగుడ్డు నడుమనుండే పాపలు రెండూ ఒకే కొలతకు దిద్ది, ఒక్కోదాంట్లో ఒక తెల్ల చుక్క పెడతాడు. కళ్ళు కుదిరితే మొహం దానంతటదే కుదురుతుందంటాడు. ఆయన దిద్దిన ఫోటో చూసి పెళ్ళికి ఒప్పుకున్నవాళ్ళు పీటల మీద మనిషిని పోల్చుకోలేకపోయారని అత్త ఎగతాళి చేసేది.

తొమ్మిదో తరగతితో బడి మానేశాక నేను వాళ్ళింట్లోనే ఉంటూ స్టూడియోలో ఫోటోలు కత్తిరించి కవర్లలో పెడుతున్నాను. ముందు బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళ పేర్లు రాసుకునేది అత్త. ఈమధ్య అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయని, కళ్ళద్దాలు మార్పిద్దామని ఒక పొద్దున కంటి డాక్టరమ్మ దగ్గరికి బయలుదేరింది. తోడు నేను వెళ్ళాను.

డాక్టరమ్మ చిన్న లైటు ఒక కంట్లోంచి ఇంకో కంట్లోకి తిప్పి చూసింది. ఎడమ పాప పెద్దదిగా ఉందనీ, కొందరికి పుట్టుకతోనే అలా ఉంటుందనీ, అలాంటివాళ్ళు భయపడక్కర్లేదనీ చెప్పింది. కొత్తగా వచ్చిందైతే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడదంది. తలనొప్పి ఉందా అని అడిగితే, తలనొప్పి లేని కాపురం ఎక్కడుందని అత్త నవ్వేసింది. ఎప్పట్నుంచి అలా ఉందో తేల్చడానికి పాత ఫోటోలు తెమ్మంది డాక్టరమ్మ.

ఫోటోలకు మాకేం కొదవ? నేను ఫోన్ చేస్తే పావుగంటలో మావయ్య అట్టపెట్టెతో వచ్చాడు. పెళ్ళి ఫోటో, స్టూడియో తెరిచిన రోజుది, గుర్తింపు కార్డుల కోసం తీసినవి, ఇరవై ఆరేళ్ళవి. డాక్టరమ్మ భూతద్దం పెట్టి ఒక్కొక్కటీ చూసింది.

"అన్నిట్లోనూ సమానంగానే ఉన్నాయే. అంటే ఇది కొత్తగా వచ్చినట్టే."

"కాదు మేడమ్. ఆ కళ్ళు నేను దిద్దినవి" అన్నాడు మావయ్య.

"దిద్దకముందు ఎలా ఉండేవి?"

మావయ్య పెట్టెలోకి చూశాడు. దిద్దేటప్పుడు ఆయన చెయ్యి అలవాటు మీద పోతుందని, ఎవరి కళ్ళు ముందెలా ఉన్నాయో ఆయన చూసుకోడని నాకు తెలుసు. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు ఆ పెట్టెనే పట్టుకుని, "మొదట్నుంచీ హెచ్చుతగ్గులే మేడమ్. నేనే సరిచేస్తూ వచ్చాను" అన్నాడు.

అబద్ధమాడానని ఆయనకు తోచి ఉండదు. అలా అయితే బాగుండునని అంత గట్టిగా అనుకున్నాడు. అత్త అమ్మయ్య అనుకుని చేతిసంచి తీసుకుంది. డాక్టరమ్మ చుక్కలమందు పేరు రాయడం మొదలుపెట్టింది.

నాకు అన్నం పెడుతున్న మనిషి మాట అది. దాన్ని కాదనడానికి నాకు నోరు రాలేదు. కానీ పదకొండు రోజుల కిందట, గుమ్మంలో ఎండకు నిలబడి అత్త కళ్ళద్దాలు తుడుచుకుంటుంటే ఎడమ పాప పెద్దదై ఉండడం నేను చూశాను. అంతకుముందు రోజు వరకు రెండూ ఒక్కలాగే ఉండేవి. ఇంతమంది పెద్దవాళ్ళకు కనపడంది నాకెందుకని ఊరుకున్నాను.

"మొదట్నుంచీ అలా ఉండేవి కావండీ" అన్నాను. ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అన్నాను. "పదకొండు రోజుల్నుంచే. సాయంత్రమయ్యేసరికి ఆ కంటి రెప్ప కూడా వాలిపోతోంది. తలకి గుడ్డ కట్టుకుంటోంది, అడిగితే చలి అంటుంది."

డాక్టరమ్మ కలం ఆగిపోయింది. అత్తను లేవొద్దంది. పెద్దాసుపత్రికి తనే ఫోన్ చేసింది.

మధ్యాహ్నానికి స్కానింగులో తేలింది. మెదడులో ఒక రక్తనాళం బుడగలా ఉబ్బి కంటి నరాన్ని నొక్కుతోందట. ఎప్పుడైనా పగలొచ్చట. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి, ఏ మాటా ఇవ్వలేమన్నారు. ఒప్పుకోలు కాగితం మీద మావయ్య సంతకం గీత దాటిపోయింది.

ఆపరేషన్ గదికి బండి మీద తోసుకెళుతుంటే ఆయన అడ్డం వచ్చి, స్టూడియోలో అందరికీ చేసినట్టే, రెండు వేళ్ళతో అత్త గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకు తిప్పాడు. అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"ఇన్నాళ్ళకి చూశారు. అదీ డాక్టరు చెబితే" అంది అత్త.

పొద్దుగుంకే వేళకు పెద్ద డాక్టరు బయటికొచ్చాడు. లోపల నాళం చిట్లడం అప్పటికే మొదలైందట. ప్రాణం ఉందన్నాడు. మాట వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేనన్నాడు.

బల్ల మీద నా పక్కన కూర్చున్న మావయ్య, పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా అని అడిగాడు. పదకొండు రోజులూ ఎందుకు చెప్పలేదని మాత్రం అడగలేదు. అడుగుతాడేమోనని నేను తల దించుకునే ఉన్నాను. అడిగేసినా బాగుండేది.