చెక్ సారు పెళ్లికి నేనే పెద్ద

ఆ రోజుల్లో సౌదీలోని జుబైల్‌లో మనవాళ్లు ఎదురుపడితే "ఎట్లున్నవ్" అని అడిగేవాళ్లం కాదు, "మీ కంపెనీ ఏ రంగుల ఉన్నది" అని అడిగేవాళ్లం. సౌదీవాళ్లకు ఎన్ని కొలువులిచ్చారో చూసి సర్కారు ఒక్కో కంపెనీకి ఒక్కో రంగు పూసేది. పచ్చదైతే హాయి, పసుపైతే దిగులు, ఎరుపైతే ఇకామా (అక్కడ ఉండనిచ్చే కార్డు) రెన్యువల్ కాదు, పెట్టె సర్దుకోవడమే. మా కంపెనీ సగం పండిన టమాటలా ఎటూ కాకుండా ఉండేది. లెక్కల సారుకు భయపడి తొమ్మిదిలోనే బడి మానేసిన నాకు (ఆయన ఇది చదివితే మొదట తప్పులు దిద్దుతాడు) పైపులు బిగించడం తప్ప మరో విద్య రాదు. పైగా కొత్త పెళ్లికొడుకుని. పందిరి గుంజలు పీకకముందే విమానమెక్కినవాణ్ణి. ఆ కొలువు పోతే అత్తగారి వాకిట్లో ఏ మొహం పెట్టుకుని నిలబడాలి?

మా బ్యాచ్ అంతా ఒక చెక్ ఇంజనీరు కింద ఉండేది. కంప్రెసర్లు చూడ్డానికి వచ్చిన పొడుగాటి మనిషి. ఒకరోజు మందూబ్ (కంపెనీ కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే పెద్దమనిషి) వచ్చి తేల్చేశాడు: "చెక్ సార్ ఇంకో సాల్ రుకేతో తుమ్ సబ్ రుకో. వో గయా తో ఖలాస్, ఎగ్జిట్." అంటే సారు ఇంకో ఏడాది ఉంటేనే మేముంటాం, ఆయన వెళ్తే మా అందరికీ ఇంటిదారే. సారేమో, పెళ్లాం పిల్లలు వస్తేనే ఉంటానన్నాడు. దానికేముంది, పిలిపించుకో అంటే, అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఆడమనిషి ఉంది, ఇద్దరు పిల్లలున్నారు, కుక్క కూడా ఉంది. పెద్దకొడుక్కి మీసాలు కూడా వస్తున్నాయి. పెళ్లొక్కటే కాలేదు! పెళ్లి కాగితం లేనిదే ఫ్యామిలీ వీసా రాదని మందూబ్ చేతులెత్తేశాడు.

"ఏం సార్, గిన్నేండ్ల సంది టైం దొరకలేదా?" అన్నాను ఉండబట్టలేక. సారు నవ్వి, వాళ్ల దేశంలో చాలామంది అంతేనన్నాడు. పెళ్లి అవసరమా, దేవుడున్నాడా, అంట్లు ఎవరు తోమాలి అని సర్వేలవాళ్లు ఫోన్ చేసి మరీ జనం అభిప్రాయాలు అడుగుతారట.

"మా ఊర్ల అడగకుండనే చెప్తరు సార్."

దేశమంటే గర్వం లేదా అంటే, ఐస్ మీద హాకీ గెలిచిన రాత్రి ఉంటుందట, పొద్దున లేచి మళ్లీ ఎవరి దేశాన్ని వాళ్లే తిట్టుకుంటారట. క్రిస్మస్ పండక్కి బతికున్న చేపను తెచ్చి స్నానాల తొట్టిలో వేస్తారనీ, దానికి పిల్లలు పేరు పెట్టుకుంటారనీ, ఆ తర్వాతే కోస్తారనీ కూడా చెప్పాడు. ఇవన్నీ వెళ్లి మా రూములో పెద్దన్నకు (నిర్మల్ మనిషి, మా అందరిలోకీ ముదురు) చెబితే, చేతిలో రొట్టె అలాగే పట్టుకుని, "చేపకు పేరువెట్టుడున్నది గని పెండ్లి లేదారా తమ్మీ?" అన్నాడు.

ఇక ఆ రోజు నుంచి నాకదే పని. సారుకి స్పానర్ అందిస్తూ పెళ్లి, గాస్కెట్ మారుస్తూ పెళ్లి, చాయ్ పోస్తూ పెళ్లి. మా అమ్మ కూడా నా పెళ్లికి ఇంత పోరు పెట్టలేదు. సారు సరేనన్నాడు గానీ అక్కడ ఆమె ససేమిరా అంది. చివరికి సారుకి విసుగొచ్చి, భోజనాల వేళ సైటు క్యాబిన్‌లో వీడియో కాల్ కలిపి ఫోన్ నా చేతిలో పెట్టి, "నువ్వే చెప్పుకో" అన్నాడు.

ఆమె వంటింట్లో పుట్టగొడుగులు శుభ్రం చేసుకుంటోంది. సంసారమంటే ఏమిటో, పరువంటే ఏమిటో, నాకొచ్చిన సైటు ఇంగ్లీషులో ఉపన్యాసం దంచాను. ఆమె కత్తి పక్కన పెట్టి ఓపికగా విన్నది.

"నీకు పెళ్లయిందా?"

"అయింది మేడమ్."

"భార్య నీ దగ్గరే ఉందా?"

"లేదు మేడమ్. మా పనోళ్లకు ఫ్యామిలీ వీసా ఇయ్యరు."

"అయితే ఏం, కాగితమైనా ఉంది కదా?"

అప్పుడు గుర్తొచ్చింది. మా పెళ్లికి బ్యాండు వచ్చింది, యాటలు తెగాయి, ముక్కలు తక్కువ పడ్డాయని మేనమామ అలిగి బస్టాండు దాకా వెళ్లాడు కూడా. కాగితం రాయించాలని మాత్రం ఒక్కడికీ తోచలేదు.

"లేదు మేడమ్."

"కాగితమూ లేదు, భార్యా పక్కన లేదు. నువ్వా నాకు చెప్పేది?"

క్యాబిన్ అంతా గొల్లుమంది. "ఇగ జెప్పు తమ్మీ, జెప్పు" అని పెద్దన్న తొడ చరిచాడు. నోటికి తాళం లేదని పేరుపడ్డవాణ్ణి కదా, ఉన్న సంగతి చెప్పేశాను: "మీరు పెండ్లి చేసుకోకుంటే సారు వోతడు మేడమ్. సారు వోతే మేమందరం వోతం."

ఆమె మొహం మారింది. ఫోన్ సారుకిమ్మంది. వాళ్ల భాషలో చాలాసేపు తిట్టింది. తిట్టు ఏ భాషలోనైనా తెలుస్తుంది. ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదని తిట్టిందట. ఆఖరికి ఆమె అన్నది సారే మాకు విడమరచి చెప్పాడు: "నీ కోసం చేసుకోను, నా కోసం చేసుకోను. ఫోన్‌లో మాట్లాడిన ఆ పిల్లాడి కోసమైతే చేసుకుంటాను."

సారు లీవు పెట్టి వెళ్లి వచ్చాడు. పెళ్లి ఫోటోలో ఆమె వానకోటు, రబ్బరు బూట్లు వేసుకుని ఉంది, చేతిలో పూలకు బదులు పుట్టగొడుగుల బుట్ట. కొన్నాళ్లకు పిల్లలతో దిగింది. సరిగ్గా అప్పుడే కుటుంబాలున్నవాళ్లు తలకింతని నెలనెలా కట్టాలని లెవీ వచ్చి పడింది. "పెళ్లి కాకపోతే రానివ్వరు, అయితే పన్ను వేస్తారు, అంతా నీ సలహానే" అని కనిపించినప్పుడల్లా నా మీదే విసుక్కునేది. అయినా ఆ ఏడాది మా బ్యాచ్‌లో ఎవరికీ ఎగ్జిట్ పడలేదు.

ఇప్పుడు జగిత్యాలలో బోరు మోటార్లు బాగుచేసుకుంటున్నాను. మొన్న వాళ్ల పండక్కి సారు వీడియో కాల్ చేసి, తామిద్దరూ విడాకులు తీసుకున్నామన్నాడు. అంతలో వెనక నుంచి ఆమె తొట్టిలోని చేపను చేతుల్లో ఎత్తి చూపిస్తూ నవ్వింది. "కాగితంతో పనైపోయిందిగా, వదిలేశాం. మేం మాత్రం ఇక్కడే ఉన్నాం." ఇంత కష్టపడి చేసిన పెళ్లి! నేను తల పట్టుకుంటే, పక్కనే బియ్యం ఏరుతున్న మా ఆవిడ, "మరి మన కాగితం ఎప్పుడు రాయిస్తవయ్యా?" అంది.

ఇంకా రాయించలేదు. ఒక దేశం దేశానికే సంసారం నేర్పబోయిన ఆ బక్క కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకున్నాను. కాగితం లేదు, మనిషి పక్కన ఉంది. చెక్ వాళ్ల లెక్కలో చూస్తే, నాకిప్పటికి సంసారం కుదిరింది.